మాట్లాడటం రాదంటున్నారు, నర్సు ఉద్యోగానికి నేను పనికిరానా?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. మాది నర్సీపట్నం దగ్గర ఒక పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ చేసి ఐదు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. సర్జికల్ వార్డులో డ్యూటీ. పని వచ్చు, క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడానికి పక్క వార్డు వాళ్లు కూడా నన్నే పిలుస్తారు. కానీ పేషెంట్ల వెంట వచ్చే అటెండెంట్లు గట్టిగా అడిగితే నోరు పెగలదు. రాత్రిపూట డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేయాలంటే చేతులు వణుకుతాయి. ఇక్కడి పేషెంట్ల మాట ఒక్కోసారి సరిగ్గా అర్థం కాదు. పోయిన నెల నేను చూసుకుంటున్న పెద్దాయన చనిపోతే బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మా ఇన్‌చార్జ్ సిస్టర్ ‘నీకు సాఫ్ట్ స్కిల్స్ లేవు, మార్చుకోకపోతే కష్టం’ అన్నారు. అమీర్‌పేటలో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు ఉందట, ఫీజు పదిహేను వేలు. చేరమంటారా? చిన్నప్పటి నుంచీ నేను తక్కువ మాట్లాడే మనిషిని. అసలు ఈ ఉద్యోగానికి పనికొస్తానా?

సమాధానం: ఆ పదిహేను వేలు ఇప్పుడే కట్టకమ్మా.

కోర్సులు చెడ్డవని నా ఉద్దేశం కాదు. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఇంగ్లిష్‌లో నీ గురించి నువ్వు ఎలా చెప్పుకోవాలి, పదిమంది ముందు నిలబడి ఎలా మాట్లాడాలి, ఇవన్నీ అక్కడ నేర్పుతారు. రాత్రి రెండింటికి బీపీ పడిపోతున్న పేషెంట్ గురించి, అప్పుడే కాస్త కన్నంటుకున్న డాక్టర్‌కి అర నిమిషంలో ఎలా చెప్పాలో మాత్రం ఆ క్లాసులో చెప్పేవాళ్లు ఉండరు, నీకు కావాల్సింది అదే. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇబ్బందులు నాలుగున్నాయి: డాక్టర్‌కి ఫోన్, అటెండెంట్ల కోపం, పేషెంట్ మాట అర్థం కాకపోవడం, చావు చూసిన బాధ. మీ ఇన్‌చార్జ్ నాలుగింటికీ కలిపి ఒకే పేరు పెట్టేశారు, నువ్వేమో దాన్ని పుట్టుకతో వచ్చిన లోపం అనుకుని భయపడుతున్నావు. క్యాన్యులా పెట్టడం కూడా నీకు పుట్టుకతో రాలేదు కదా. మొదటిసారి చెయ్యి వణికే ఉంటుంది, ఇప్పుడు పక్క వార్డు వాళ్లే నిన్ను పిలుస్తున్నారు. ఇవీ అలాగే వస్తాయి, కాకపోతే ఒక్కొక్కటిగా.

తక్కువ మాట్లాడతానని బెంగ వద్దు. వార్డుల్లో పనిచేసిన ఇన్నేళ్లలో నేను చూసింది ఏమిటంటే, గలగలా మాట్లాడే సిస్టర్‌తో పేషెంట్లు నవ్వుతారు, వినే సిస్టర్‌తో అసలు సంగతి చెప్తారు.

ముందు ఫోన్ సంగతి చూద్దాం, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. కొత్త పిల్లలు చాలామంది ఫోన్‌లో ఇలా మొదలుపెడతారు: ‘సార్, ఏడో బెడ్ పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు సార్.’ అవతల డాక్టర్‌కి దీంట్లో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏడో బెడ్ ఎవరో, డల్ అంటే ఏమిటో తెలియదు, ఆయన చిరాకుపడతారు, ఈ పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది, చెప్పాల్సిన బీపీ నోట్లోనే ఉండిపోతుంది. దీనికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది, ఎస్‌బార్ అంటారు, కాలేజీలో ఒక పేజీ చదివే ఉంటావు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి అది, 2000 తర్వాత అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వాళ్లు దాన్ని వైద్యానికి తెచ్చుకున్నారు. వరస నాలుగు ముక్కలే. ఇప్పుడేం జరుగుతోంది, ఈ పేషెంట్ వెనక కథ ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి.

అదే ఫోన్ ఇప్పుడు ఎలా ఉంటుందో చూడు. ‘సార్, సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. ఏడో బెడ్‌లో ఉన్న 58 ఏళ్ల పేషెంట్‌కి బీపీ 96/60 ఉంది, సాయంత్రం 130/80. పల్స్ 118. నిన్న గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది. బరువు 60 కిలోలు, నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎం.ఎల్. మాత్రమే వచ్చింది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం సార్. మీరొచ్చి చూడాలి. ఈలోపు ఇంకేం చేయమంటారు?’ గబగబా చదివితే అర నిమిషం పట్టదు. ఇందులో అందమైన మాట ఒక్కటీ లేదు, ధైర్యవంతురాలివి అయి ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఫోన్ ఎత్తే ముందు కేస్‌షీట్ పక్కన పెట్టుకుని, బీపీ, పల్స్ లాంటి వైటల్స్ అప్పుడే చూసుకుని, నాలుగు ముక్కలూ చీటీ మీద రాసుకుంటే చాలు. చేయి వణికినా చీటీ చదవొచ్చు. గంటకి కిలో బరువుకి అర ఎం.ఎల్. చొప్పున నాలుగు గంటల్లో 120 రావాలి, సగమే వచ్చిందని నీకు తెలుసు. ‘నాకేమనిపిస్తోంది’ అనే మూడో ముక్క చెప్పడానికి మన పిల్లలు చాలా జంకుతారు, డాక్టర్‌కి మనం చెప్పడమేమిటని. ఆరు గంటలుగా ఆ మంచం పక్కన ఉన్నది నువ్వు. అందుకే నీ అనుమానానికి విలువ ఉంది. చెప్పు.

ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే తిరిగి చదివి వినిపించు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి, అందుకని ‘ఒకటి, ఐదు, పదిహేనా సార్?’ అని విడదీసి అడుగు. డోపమైన్, డోబుటమైన్ లాంటి, పేర్లు ఒకేలా వినపడే మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. సార్ ‘ఎన్నిసార్లు అడుగుతావు’ అని విసుక్కున్నా సరే, అడుగు.

మరి అన్నీ చెప్పినా ‘పొద్దున చూద్దాంలే’ అంటే? అప్పుడు గొంతు పెంచకుండా మాట బరువు పెంచాలి. ‘సార్, నాకు ఆందోళనగా ఉంది’ అని ఒకసారి, ‘సార్, ఇలా వదిలేస్తే పేషెంట్‌కి ప్రమాదం అనిపిస్తోంది, మీరు రావాలి’ అని రెండోసారి. రెండుసార్లు చెప్పినా కదలకపోతే నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పు, ఎన్ని గంటలకు ఎవరికి ఏం చెప్పావో నర్సెస్ నోట్స్‌లో రాయి. ఇది డాక్టర్ మీద చాడీ చెప్పడం అవుతుందేమోనని మొహమాటపడకు. ఆసుపత్రుల్లో టీమ్‌లకి శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ మెట్లనే నేర్పుతారు. ఇది హాస్టల్లో రూమ్మేట్‌తో ప్రాక్టీస్ చేయొచ్చు. ఆ అమ్మాయిని చిరాకు డాక్టర్‌గా పెట్టుకుని, నిజంగానే విసుక్కోమని చెప్పి, నువ్వు ఫోన్ చేయి. సిగ్గుగా ఉంటుంది, కానీ వారంలో నోరు తిరుగుతుంది.

ఇక అటెండెంట్లు. మన దగ్గర ఒక పేషెంట్ వస్తే వెంట అరడజను మంది వస్తారు, ఊరి నుంచి బయల్దేరినప్పటి నుంచి సరిగ్గా తిని ఉండరు, కారిడార్‌లో దుప్పటి పరుచుకుని పడుకుంటారు, డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియదు, బంగారం తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు నీ మీద అరిచేటప్పుడు ఇదంతా నీకు కనపడదు, కోపం ఒక్కటే కనపడుతుంది. అసలు వాళ్లని ఎక్కువ రెచ్చగొట్టేది ఆలస్యం కన్నా ఏమీ తెలియకపోవడం, ఇంకా ముఖ్యంగా ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకోటి చెప్పడం. పొద్దున్నే కుటుంబంలో ఒక్కరిని ఎంచుకో, ‘మీరే అందరికీ చెప్పండి బాబాయ్, నేను మీకు చెప్తాను’ అను. వరస కలిపితే తప్పేం లేదు, అయితే మనిషిని బట్టి. పట్నంలో పెరిగిన నలభై ఏళ్లావిడని పిన్నీ అంటే నొచ్చుకోవచ్చు, అక్కడ మేడమ్ అంటేనే మంచిది.

‘నాకు తెలియదు, డాక్టర్‌ని అడగండి’ అనే మాట వదిలెయ్యి. సంగతి అదే అయినా ఇలా చెప్పు: ‘అది డాక్టర్ గారే చెప్పాలండీ. పదకొండింటికి రౌండ్స్‌కి వస్తారు. అడగాలనుకున్నవి కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ టైమ్‌కి మిమ్మల్ని నేనే పిలుస్తాను.’ చెప్పిన టైమ్‌కి పిలువు. రౌండ్స్ ఆలస్యమైతే పదకొండింటికే వెళ్లి ‘థియేటర్‌లో కేసు నడుస్తోంది, పన్నెండున్నర అవుతుంది’ అని చెప్పి రా. కొత్త కబురు లేకపోయినా వెళ్లి చెప్పిన మనిషిని జనం నమ్ముతారు. ఇంకో సంగతి, ‘ఏం కాదు, తగ్గిపోతుంది’ అని మాత్రం అనకు. జాలితోనే అంటాం, కానీ రేపు తగ్గకపోతే నిన్నే అడుగుతారు, అడగడం న్యాయం కూడా. బిల్లు గురించి అడిగితే కౌంటర్‌కి, ఆరోగ్యశ్రీ కేసైతే ఆరోగ్యమిత్ర దగ్గరకి పంపు. నీ చేతిలో లేని డబ్బు విషయంలో మాట ఇవ్వకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. సాఫ్ట్ స్కిల్స్ పేరుతో నర్సులు తిట్లూ దెబ్బలూ పడాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి మీదికి వస్తుంటే, చేయి ఎత్తితే, అక్కడ నిలబడి నచ్చజెప్పే పని నీది కాదు. గోడవైపు ఇరుక్కోకుండా తలుపువైపు ఉండు, రెండడుగులు వెనక్కి వెయ్యి, సెక్యూరిటీని పిలువు. వైద్య సిబ్బంది మీద దాడుల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా ఉంది, నర్సులూ నర్సింగ్ విద్యార్థులూ కూడా దాని కిందికి వస్తారు. రాత్రి డ్యూటీలో సెక్యూరిటీ నంబర్ వార్డులో ఎక్కడ రాసి ఉందో ఈరోజే చూసుకో. లేకపోతే రాయించు.

పేషెంట్ల దగ్గరికి వద్దాం. పేరుతో మొదలుపెట్టు. ఏడో బెడ్, గాల్‌బ్లాడర్ కేసు అని మనలో మనం అనుకుంటూ ఉంటాం, మంచం మీద మనిషికి అది వినపడుతుంది. ఇంగ్లండ్‌లో కేట్ గ్రేంజర్ అనే, వృద్ధులకు వైద్యం చేసే డాక్టర్ ఉండేవారు. క్యాన్సర్ వచ్చి 2013లో తనే ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, వచ్చిన సిబ్బందిలో చాలామంది తమ పేరు కూడా చెప్పకపోవడం గమనించి ‘హలో, మై నేమ్ ఈజ్’ అంటూ ఒక ప్రచారం మొదలుపెట్టారు. ఆమె 2016లో, 34 ఏళ్ల వయసులో చనిపోయారు, ఆ ప్రచారం మాత్రం దేశాలు దాటింది. ‘అమ్మా, నా పేరు ఫలానా, రాత్రి ఎనిమిదింటి దాకా మీకు నేనే నర్సుని’, ఇంతే కదా, నీలాంటి మితభాషికి కూడా కష్టం కాదు.

పేరు అడగడంలో ఇంకో మెలకువ ఉంది. మందు ఇచ్చే ముందు ‘మీరు లక్ష్మిగారేనా?’ అని అడగకు. చెవుడున్న పెద్దావిడ, మత్తులో ఉన్నావిడ, నర్సంటే భయపడే ఆవిడ ముగ్గురూ అవుననే తలూపుతారు, మన వార్డుల్లో లక్ష్మిలూ వెంకటేశ్వర్లూ ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ‘మీ పేరు చెప్పండమ్మా’ అని అడిగి, చేతి బ్యాండ్ మీద ఉన్న పేరుతో, ఐపీ నంబర్‌తో (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) పోల్చుకో. ఇంత చిన్న మాటల్ని ఆసుపత్రులు ఎంత సీరియస్‌గా తీసుకుంటాయో చెప్పనా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో ఉన్నవి 19 అంశాలు, థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ పేరూ తమ పనీ చెప్పుకోవడం అందులో ఒకటి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఆ లిస్టు వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. పేర్లు చెప్పుకోవడం వల్లే తగ్గాయని అనను, లిస్టులో ఇంకా చాలా ఉన్నాయి. కానీ మాటకి అందులో చోటుంది.

భాష సంగతి నువ్వు మొహమాటంగా ఒక్క వాక్యంలో రాశావు, నాకు మాత్రం అది పెద్ద విషయమే. విశాఖ వైపు నుంచి వచ్చినదానివి, ఇక్కడ ‘దమ్ము వస్తుంది’ అంటే ఆయాసం అనీ, ‘పెయ్యి నొప్పులు’ అంటే ఒళ్లు నొప్పులనీ, ‘పానం మంచిగ లేదు’ అంటే ఒంట్లో బాగోలేదనీ ఎవరో చెప్తే తప్ప ఎలా తెలుస్తుంది? మీ ఆయాలనీ వార్డ్‌బాయ్‌లనీ అడుగు, వాళ్లు ఇక్కడివాళ్లు, ఆసుపత్రిలో పేషెంట్ మాట వాళ్లకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పో. పాతబస్తీ వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం దర్ద్ (నొప్పి), సాన్స్ (ఊపిరి), చక్కర్ (కళ్లు తిరగడం), పేషాబ్ (మూత్రం) లాంటి ఉర్దూ మాటలు కొన్ని నేర్చుకో. ‘గ్యాస్ పట్టేసింది’ అన్నవాళ్లని మాత్రం ఊరికే వదలకు, ఎక్కడ, ఎప్పటి నుంచి, చెమటలు పట్టాయా, చేతికి పాకుతోందా అని అడుగు. గుండె నొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లో సోడా తాగి కూర్చునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

ప్రశ్న అడిగే తీరు మారిస్తే జవాబు మారుతుంది. ‘మందులు వేసుకుంటున్నారా?’ అంటే అందరూ ‘ఆఁ, వేసుకుంటున్నా’ అనే అంటారు. ‘ఇంట్లో పొద్దున లేచాక ఏమేం వేసుకుంటారు, ఆ సంచీ ఇటివ్వండి చూద్దాం’ అంటే అప్పుడు తెలుస్తుంది, షుగర్ కంట్రోల్‌కి వచ్చిందని మాత్రలు ఆపేశారని, పక్కింటాయన బీపీ గోళీ అరువు తెచ్చుకుంటున్నారని. అప్పుడు కోప్పడకు. ఒకసారి కోప్పడితే మళ్లీ నీకు నిజం చెప్పరు. డిశ్చార్జ్ అప్పుడు ‘అర్థమైందా?’ అని అడగడం దండగ, అర్థమైందనే అంటారు. ‘ఇంటికెళ్లాక ఈ ఇన్సులిన్ గురించి మీ కోడలికి ఎలా చెప్తారో నాకు ఒకసారి చెప్పండి’ అను. ఎక్కడ పొరపాటు పడుతున్నారో వాళ్ల నోటే వస్తుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నరోజు, రంజాన్ నెలలో ఇన్సులిన్ ఏం చేయాలో డాక్టర్‌ని అడిగారా లేదా అని కూడా అప్పుడే కనుక్కో. ఆడవాళ్లని నెలసరి గురించో మూత్రం గురించో అడగాల్సి వస్తే, మామగారు మంచం పక్కన నిలబడి ఉండగా అడగకు. ‘డ్రెస్సింగ్ చూడాలి, ఒక్క నిమిషం బయట ఉండండి’ అని పంపించి, కర్టెన్ వేసి అడుగు.

చనిపోయిన పెద్దాయన కోసం ఏడ్చానని రాశావు. ఏడ్చినందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు. రోజూ ఆయనకి ఒళ్లు తుడిచావు, అన్నం తిన్నారా అని అడిగావు, ఏడుపు రాకపోతే ఆశ్చర్యపడాలి. పేషెంట్ ముందు, వాళ్లవాళ్ల ముందు కళ్లు చెమ్మగిల్లినా తప్పు కాదు, ఆ సమయంలో నీ పని చేయలేనంతగా కాకుండా ఉంటే చాలు. చావు కబురు ముందుగా చెప్పాల్సింది డాక్టర్. నువ్వు పక్కనుండాలి. క్యాన్సర్ పేషెంట్లతో మాట్లాడే డాక్టర్ల కోసం 2000లో ప్రచురించిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది. అందులో మొదటి పని కూర్చోబెట్టడానికి చాటైన చోటు చూడటం, రెండోది వాళ్లకి ఇప్పటిదాకా ఏం తెలుసో అడగటం, కబురు చెప్పడం నాలుగో మెట్టు దాకా రాదు. అంత నిదానంగా చేయాల్సిన పని అది. నీ వంతుగా కుర్చీ వెయ్యి, మంచినీళ్లు ఇవ్వు, ఫోన్ ఎవరికి చేయాలో అడుగు. ‘ధైర్యంగా ఉండండి’, ‘దేవుడు తీసుకెళ్లాడు’ లాంటివి అనకు. ఏం అనాలో తోచకపోతే ఏమీ అనకుండా పక్కన నిలబడు. అక్కడ నీ మౌనమే పనికొస్తుంది.

అయితే డ్యూటీ అయ్యాక కూడా అదే గుర్తొచ్చి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆసుపత్రి గేటు చూస్తేనే గుండె దడ వస్తున్నా దాచుకోవద్దు. 14416కి ఫోన్ చేయి. అది టెలీ మానస్, కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూట కూడా.

ఇంగ్లిష్ వద్దా అంటావేమో. కావాలి, కేస్‌షీట్ రాయడానికి, కొత్త మందుల గురించి చదువుకోవడానికి. మున్ముందు బ్రిటన్‌కో జర్మనీకో వెళ్లాలనుకుంటే అప్పుడు ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసమో జర్మన్ భాష కోసమో డబ్బు ఖర్చుపెట్టు, అది దండగ కాదు. ఇప్పుడు నీ ముందున్న పేషెంట్‌తో మాట్లాడటానికి మాత్రం తెలుగే కావాలి.

మీ ఇన్‌చార్జ్ సిస్టర్ సంగతి ఆఖరుకి ఉంచాను. ఆమె అన్నది నిన్ను చాలా నొప్పించింది, అది ఉత్తరంలో తెలుస్తోంది. కానీ ఆమె నీకు శత్రువో కాదో ఆ ఒక్క మాటతో చెప్పలేం. వార్డు రద్దీ లేని ఒక మధ్యాహ్నం వెళ్లి ‘సిస్టర్, నేను ఎక్కడ తడబడ్డానో మీరు చూసిన సందర్భం ఒకటి చెప్పండి, అది సరిచేసుకుంటాను’ అని అడుగు. సందర్భం చెప్తే రాసుకో, నెల తర్వాత మళ్లీ వెళ్లి మారిందా అని అడుగు. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ (పేషెంట్ల వివరాలు అప్పగించడం) బాగా ఇచ్చే సీనియర్ ఎవరో ఒకరు మీ వార్డులో ఉండే ఉంటారు, కొన్నాళ్లు ఆమెతో కలిపి డ్యూటీ వేయమని అదే మాటలో అడుగు. సందర్భం ఏదీ చెప్పలేక ‘అదంతే, నీకు రాదు’ అంటే మాత్రం ఆ మాట మనసుకి పట్టించుకోకు, నీ ఫోన్ చీటీ నువ్వు రాసుకుంటూ పో. ఈ వారం ఒక్క ఫోన్ పని మీదే ఉండు, అటెండెంట్ల సంగతి వచ్చే నెల చూద్దువు గాని.